హార్లన్ తూటాలు పట్టే తుపాకీ

కాదు మనవరాలా, మీ నాన్నకి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి పంపడం కుదరదు. బిల్లింగ్స్‌లో బీ అనే రకం తుపాకీ ఒకటి అమ్మకానికి కనబడిందట, కొననా అని అడుగుతున్నాడు. తూటాలు ఇవ్వడానికి మేనత్త ఉందిగా అని కూడా అన్నాడు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. కలం పట్టుకో. మీ నాన్న మేనత్త ఆర్డిస్ ఆ తుపాకీ కోసం తిరిగిన సంగతి చెబుతాను. చెప్పింది చెప్పినట్టే రాయి, నీ బడి మాటలు కలపకు.

మొగుడు హార్లన్ చనిపోయిన వేసవిలోనే ఆర్డిస్ ఎర్ర గుర్రం నేల ఉడత బొరియలో కాలు దిగబడి విరగ్గొట్టుకుంది. దాన్ని ఆమే కాల్చవలసి వచ్చింది. మరుసటేడు వసంతానికి ఇంకో రెండు ఆడగుర్రాలు నిండు చూలుతో ఉన్నాయి. ఈలోపు కాలువ పక్క గుర్రాలు మేసే బీట్లో ఉడతల్ని తగ్గించకపోతే, పుట్టబోయే పిల్లలు పరుగు నేర్చుకునేది ఆ బొరియల మధ్యే. విషం పెట్టమన్నారు. ఆర్డిస్ ఒప్పుకోలేదు. విషం తిన్న ఉడతని గద్ద తింటుంది, ఇంట్లో కుక్క తింటుంది.

హార్లన్ ఉన్నన్నాళ్ళూ ఉడతల పని అతనిదే. అతని తుపాకీ బీ రకం. సన్నటి తూటా, చిన్న చప్పుడు, పొలానికి అవతల ఉన్న ఉడత దగ్గరికి తిన్నగా వెళ్ళి ఆగుతుంది. పక్కన మేసే గుర్రం తల కూడా ఎత్తదు. కాకపోతే ఆ తూటాలు కొట్లో దొరకవు. పేలిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, ఇంట్లో మళ్ళీ మందు పోసి, కొత్త సీసపు గుండు బిగించుకోవాలి. చలికాలమంతా ఆ ఇంట్లో వెనక గదిలో అదే పని. హార్లన్ తొడుగులు నొక్కే మర లాగేవాడు, ఆర్డిస్ చిన్న త్రాసు ముందు కూర్చునేది.

చివరి రోజుల్లో అతని చూపు మధ్యలో మసక కమ్మింది. ఒకనాడు తుపాకీని ఎవరికో ఇచ్చేశాడు. "ఎవరికిచ్చావయ్యా?" అంటే, "వాడుకునేవాడికి" అన్నాడు, అంతే. తూటాలు మాత్రం కాఫీ డబ్బాల నిండా అరలో ఉండిపోయాయి. ఎందుకంటే, మన వైపు ఎవడూ ఇంకొకడు నింపిన తూటా పేల్చడు. మందు చిటికెడు ఎక్కువైతే తుపాకీ మొహం మీదే పగులుతుంది. అడగరు, ఇవ్వరు.

ఆర్డిస్‌కి ఆ డబ్బాలు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఇద్దరూ కూర్చున్న చలికాలాలన్నీ అందులో ఉన్నాయి. పారబొయ్యలేదు, పేల్చలేదు. ఆ తూటాలు పట్టే తుపాకీ ఒకటి సంపాదించి, ఉడతల పని వాటితోనే కానివ్వాలని పట్టుబట్టింది.

మన దగ్గరి ఊరు మాల్టాలో ఎమ్మెట్ క్రౌస్ అని తుపాకులు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. ఆర్డిస్ అతని కొట్టుకి వెళ్ళింది.

"బీనా?" అన్నాడు ఎమ్మెట్. "తల్లీ, లోకంలో ఇన్ని రకాలుండగా నీకు అదే కావాలా? మామూలుది తీసుకో. పెట్రోలు బంకులో కూడా తూటాలు అమ్ముతారు."

"పెట్రోలు బంకులో కాఫీ కూడా అమ్ముతారు. నువ్వు తాగుతావా?"

ఎమ్మెట్ నవ్వి లోపలికి వెళ్ళి ఒక తుపాకీ తెచ్చాడు. బీ రకమే. పొట్టిగా, నీటుగా ఉంది. ఎవరో తమ పొట్టి చేతులకి సరిపడా, భుజానికి ఆన్చే మడమ కర్ర కోయించుకుని, అంచు నున్నగా అరగదీయించుకున్నారు. ఆర్డిస్ భుజానికి ఆన్చగానే కన్ను సూటిగా స్కోపు వెనక్కి వచ్చి నిలిచింది. గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది.

"తూటా తెచ్చాను, వేసి చూడు" అంది ఆర్డిస్.

"నా కొట్లో నిండు తూటానా? ఖాళీ తొడుగు ఉంటే ఇటివ్వు."

హార్లన్ పేల్చిన ఖాళీ తొడుగు ఒకటి కోటు జేబులో ఉంది. ఎమ్మెట్ దాన్ని తుపాకీలో పెట్టి, వెనక మూతలా మూసే బోల్టు తోశాడు. సగంలో ఆగిపోయింది. ఇంకో తొడుగు, అదీ అంతే.

ఆర్డిస్ మొహం వాడిపోయింది. "హార్లన్ తప్పుగా చేశాడంటావా?"

"తప్పేం లేదు. ప్రతి తుపాకీకీ తూటా కూర్చునే గూడు వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ గూడు కొలత పట్టేస్తుంది. నీ మొగుడు మెడ దగ్గర మాత్రమే నొక్కి, ఒళ్ళు అలాగే వదిలేశాడు. గురి బాగా కుదురుతుందని అలా చేస్తారు. ఇవి అతని తుపాకీకి కుట్టిన చొక్కాలు, తల్లీ. ఇంకోదానికి పట్టవు."

"అయితే ఏం చెయ్యాలి?"

"సీసం పీకి, మందు పారబోసి, తొడుగు మొత్తం నా మరలో నొక్కాలి. మళ్ళీ మొదటినుంచి."

"చేసిందంతా విప్పెయ్యమంటావు."

ఎమ్మెట్ తల గోక్కున్నాడు. "లేదా అతని తుపాకీనే పట్టుకోవాలి. ఈ చుట్టుపక్కల ఇంకో బీ ఒక్కటే ఎరుగుదును. కాలువ లస్కరు లెరాయ్ దగ్గరుంది. కిందటేడు బోల్టు బాగుచేయించుకున్నాడు. అడిగి చూడు. నువ్వు మళ్ళీ వచ్చేదాకా ఇది ఎవరికీ అమ్మనులే."

లెరాయ్ డోనీకి హార్లన్ అంటే సొంత అన్నకన్నా ఎక్కువ. కాలువ గట్టు వెంట పాత బండిలో తిరుగుతూ షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. గట్టుకి ఉడతలు బొరియలు పెడితే నీళ్ళు పొలాల మీద పడతాయి, తిట్లు అతని మీద పడతాయి. ఆర్డిస్ గట్టు మీద పికప్ ఆపి దిగగానే అతని చూపు ఆమె చేతిలో కాఫీ డబ్బా మీద పడింది.

"కాఫీ తెచ్చావనుకున్నాను వదినా."

"తుపాకీ నీ దగ్గరుందని చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. ఇచ్చేటప్పుడు అన్న నా జీను తీసుకున్నాడు. మంచి జీను. ఊరికే తీసుకున్నానని అనకు."

"మరి ఒక్కసారైనా పేల్చిన చప్పుడు వినలేదే?"

"దేంతో పేల్చను? కొట్లో పాతవేవో మిగిలిన రెండు పెట్టెలూ దిగువ గట్టు మీదే ఎప్పుడో అయిపోయాయి." లెరాయ్ నీళ్ళ వైపు చూశాడు. "అన్నని అడగలేకపోయాను వదినా. ఆయనకి కాఫీ కప్పు పిడి కనబడేది కాదు, మందు ఎంత పోస్తున్నాడో ఏం కనబడుతుంది? అడిగి తెచ్చుకుని పేల్చకుండా దాచుకుంటే, ఆయన కనిపెట్టేవాడు. నొచ్చుకునేవాడు."

ఆర్డిస్ డబ్బా బండి మీద పెట్టింది. "తూచింది ఆయన కాదురా. నేను. ప్రతి తూటాకీ మందు నేనే తూచాను. ముల్లు గీత మీద నిలబడితేగాని వదిలేదాన్ని కాదు."

"అన్నీనా?"

"చూపు పోకముందు నుంచి కూడా. ఆయనకి ఓపిక ఎక్కడిది?"

లెరాయ్ గట్టిగా నవ్వాడు. సీటు వెనకనుంచి తుపాకీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆర్డిస్ తూటా పెట్టి బోల్టు తోసింది. వెన్నలో వేలు దిగినట్టు మూసుకుంది. ఆ మెత్తదనానికి ఆమె కళ్ళు చెమర్చాయి.

భుజానికి ఆన్చింది. అక్కడ వచ్చింది అడ్డం. హార్లన్‌వి పొడుగు చేతులు, ఆ మడమ ఆ చేతులకి చేయించుకున్నది. మెడ ఎంత సాచినా స్కోపులో నల్లటి నెలవంక తప్ప ఏమీ కనబడలేదు. అవతలి గట్టు మీద ఉడత నిలబడి చూస్తోంది. కాల్చింది. మట్టి లేచింది, ఉడత అలాగే ఉంది.

"నవ్వుతోంది చూడు" అన్నాడు లెరాయ్. మళ్ళీ తనే, "తుపాకీ ఇచ్చేస్తాను వదినా. ఎమ్మెట్‌తో మడమ పొట్టి చేయించుకో."

ఆర్డిస్ ఆ మడమ మీద, చెంప ఆని ఆని రంగు పోయిన చోట చెయ్యి వేసింది. "ఆయన చేతికొలతని రంపంతో కోయమంటావా? వద్దులే. నీకు సరిపోతుందా ఇది?"

"నేనూ తాటిచెట్టునే కదా."

"అయితే నువ్వే ఉంచుకో. డబ్బాలన్నీ రేపు తెచ్చిస్తాను. నా బీడు పక్క గట్టు మీదే ముందు మొదలుపెట్టు. నాకు వినబడాలి. ఖాళీ తొడుగులు ఏరి తెచ్చివ్వు, చలికాలంలో మళ్ళీ నింపుదాం. మర నువ్వు లాగు, త్రాసు నాది."

లెరాయ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు ఒక తూటా తీసి, ఇంకేమీ అడక్కుండా తుపాకీలో వేసి, చెంప ఆన్చి కాల్చాడు. ఇంకొకరు నింపిన తూటా అతను పేల్చడం అదే మొదలు. ఉడత నవ్వడం ఆపింది.

ఆ వారంలోనే ఆర్డిస్ ఎమ్మెట్ దగ్గర ఆ పొట్టి తుపాకీ కొంది. హార్లన్ ఖాళీ తొడుగులు గుప్పెడు తీసుకెళ్ళి ఎమ్మెట్ మరలో ఒళ్ళంతా నొక్కించి, ఇంటికొచ్చి తనే మందు తూచి పోసింది. గుర్రాలు ఈనేలోపు గట్టు పక్కనుంచి లెరాయ్, ఇంటి పక్కనుంచి ఆమె, ఇద్దరూ కలిసి బీటిని ఒక దారికి తెచ్చారు. బొరియలు పూడ్చి తొక్కించారు. రెండు పిల్లలూ ఆ బీట్లోనే పరుగు నేర్చుకున్నాయి.

తన తుపాకీలో మొదట పేల్చిన తొడుగుని ఆర్డిస్ వేడిగా ఉండగానే ఏరుకుంది. లెరాయ్ తుపాకీలో వేసి చూస్తే వదులుగా జారి కదిలింది. తన దాంట్లో వేస్తే బిగువుగా, బెసక్కుండా కూర్చుంది. హార్లన్ తొడుగే, ఇప్పుడు కొలత ఆమెది. దాన్ని నింపకుండా వంటింటి కిటికీలో పెట్టుకుంది. నువ్వూ చూసే ఉంటావు, ఏమిటో తెలియక ఓసారి దాంతో ఈల వేశావు.

అదీ సంగతి. ఇది మీ నాన్నకి ఫోన్లో చదివి వినిపించు మనవరాలా, బిల్లింగ్స్ వాడికి డబ్బు కట్టేముందే. తుపాకీ అరుదైనదని కొనెయ్యడం కాదు, భుజానికి ఆన్చి చూసుకోమను. మేనత్తని తూటాలు అడగొద్దని చెప్పు, అవి వాడి దాంట్లో పట్టవు. ఈ చలికాలం వచ్చి ఆమె త్రాసు పక్కన కూర్చుని మర లాగుతానని అడగమను. మర లాగడానికి లెరాయ్ భుజం ఇప్పుడు సాయపడటం లేదు. ఆ ముక్క మాత్రం రెండుసార్లు చదువు.