ఉల్లిపొర కనిపించే అద్దం

వెలుతురు ప్లాస్టిక్ పరదా అవతల ఆగి ఉంది.

పాలలో నీళ్లు కలిపినట్టు... కొంత లోపలికి వస్తోంది. మిగతాది పరదా మీదే ఉండిపోతోంది.

వంటగది వెనక గోడ కూల్చి నెలయింది. దాని వెంబడి కొత్త గదికి మూడు గోడలు లేచాయి, పైకప్పు పడింది. నాలుగో వైపు పదడుగుల ఖాళీ. అక్కడ అద్దాల తలుపులు రావాలి.

ఏ అద్దం?

ఏడాదిగా ఆమె కోరుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న మీదే ఆగి ఉంది.

ఇరవై ఆరేళ్లు ఆమె క్యాంటీన్‌లో కూరగాయలు తరిగింది. రోజూ మూడు వందల మందికి. చూడకుండానే తరుగుతుందని చెప్పుకునేవాళ్లు. ఆమె చూసేది. చూస్తున్నట్టు తెలిసేది కాదు, అంతే.

కిందటేడు, మబ్బు పట్టిన రోజు, పాత వంటగదిలో వేలు తెగింది. మూడు కుట్లు. డాక్టరు కంట్లోకి దీపం వేసి చూశాడు. వెలుతురు నిండుగా ఉంటే ఈ కళ్లు పనిచేస్తాయన్నాడు. చాలకపోతే చేయవన్నాడు.

ఎన్నాళ్లు అని అడిగితే... చీటీ రాస్తూ ఉండిపోయాడు.

బల్బులు మార్చి చూశారు. చేతి నీడ వెళ్లి తరిగే చెక్క మీదే పడేది.

"ఇక నువ్వు కూర్చో అక్కా," అన్నాడు తమ్ముడు. " నీ మరదలు చూసుకుంటుందిలే."

కుట్లు వారంలో మానాయి. ఆ మాట మానలేదు.

ఆమె కూర్చుంది. కూర్చుని వింది. మరదలి కత్తి ఒక దెబ్బ వేస్తుంది— ఆగుతుంది— ఆలోచించుకుని ఇంకో దెబ్బ వేస్తుంది. వినలేక ఆమె పళ్లు బిగించుకునేది.

వంటగది పెంచుదామన్నది ఆమే. ఎందుకో చెప్పలేదు. ఈ గదిలో మళ్లీ కత్తి పట్టాలి. అంతే.

తలుపుల దుకాణంలో ట్యూబులైట్ల కింద తలుపులు వరసగా నిలబడ్డాయి. గోధుమరంగు అద్దం. పాలరంగు అద్దం. రంగు లేని అద్దం. తమ్ముడికి గోధుమరంగు నచ్చింది. నాలుగు తలుపులు, బెత్తెడు ఫ్రేములు. ఖాళీని అతను మూడుసార్లు కొలిచి వచ్చాడు.

"ఎండ ఆపుతుందక్కా."

"ఇదే వేయించుకోండమ్మా," అన్నాడు దుకాణదారు. "బయటివాళ్లకి లోపలేమీ కనిపించదు."

"లోపలున్నదానికి ఉల్లిపాయ కనిపించాలి బాబూ."

మూడు రకాల్లోనూ అరచేతిలో పట్టేంత ముక్కలడిగింది.

"ఇక్కడ చూసినా ఇంతేగా అమ్మా."

"ఇంతే అయితే ఇంటికి పట్టుకెళ్లినా ఇంతేగా."

ముక్కలు సంచిలోకి వెళ్లాయి.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగు గంటలు.

ఆమె పరదా పక్కకు తోసింది. ఎండ కొత్త గట్టు దాకా వచ్చింది. గట్టు మీద చెక్క, చెక్క మీద సగానికి కోసిన ఉల్లిపాయ. దాని ముందు ఇటుకకు ఆనించి ఒక అద్దం ముక్క. ఎండ అద్దంలోంచి దిగి ఉల్లిపాయ మీద పడింది.

పొరకీ పొరకీ నడుమ పలచటి తెర ఉంటుంది. క్యాంటీన్‌లో ఆమె కత్తి దాన్ని పట్టుకునే నడిచేది. అది కనిపిస్తే వేలు ఎక్కడుందో తెలుస్తుంది. అది పోతే... అన్నీ పోతాయి.

గోధుమరంగు పెట్టింది. తెర లేదు.

పాలరంగు పెట్టింది. తెర చెదిరింది. కత్తి అంచు కూడా చెదిరింది.

రంగు లేనిది పెట్టింది.

ఉంది.

ఒకటి, రెండు, మూడు— ఏడో పొర దాకా గోటితో చూపించింది.

తమ్ముడు నమ్మలేదు. ఆమెను అటు తిరగమని ముక్కలు మార్చాడు. నాలుగుసార్లు. చూడగలిగినప్పుడు చూపించింది. చూడలేనప్పుడు లేదంది. ఒక్కసారీ తప్పలేదు.

తరవాత గోడ వారనున్న చెక్కపట్టీ ఒకటి తీసి, అతని టేపుతో కొలిచి, ఎండకు అడ్డంగా నిలబెట్టింది. అతనికి నచ్చిన ఫ్రేమంత, బెత్తెడు పట్టీ. దాని నీడ తరిగే చెక్క నడిమి మీదుగా, సరిగ్గా వేళ్లుండే చోటు మీదుగా సాగింది.

"ఖాళీ కొలిచావురా. నీడ కొలవలేదు."

తమ్ముడు నీడను చూశాడు. ఆమె చేతిని చూశాడు. ఈ గది ఎందుకో అప్పుడు అర్థమైంది.

"మళ్లీ తెగితే అక్కా?"

"తెగితే మళ్లీ కుట్టిస్తావు. కూర్చోమని మాత్రం అనకు."

"వేడిగా ఉంటుందేమో..."

"మీరు వండే రోజు మీకు నచ్చిన అద్దం పెట్టిద్దాం," అంది మరదలు. "రేపట్నుంచి మొదలుపెట్టండి. నేనూ వదినా కూర్చుంటాం."

రెండే తలుపులు. రంగు లేని అద్దం. వేలెడు ఫ్రేము.

పదహారు రోజులకు వచ్చాయి. నలుగురు మోశారు. పట్టాల మీద నిలబెట్టి తోస్తే ఒక గాలి చప్పుడు— అంతే.

మర్నాడు ఆమె కత్తి నూరింది. ఎనిమిది ఉల్లిపాయలు. మొదటిది మెల్లగా. రెండోది మెల్లగా. మూడో దానికి చేతికి క్యాంటీన్ గుర్తొచ్చింది.

చప్పుడు ఆగలేదు.

ఇల్లంతా ఆ చప్పుడు. మరదలు కూర్చుంది— ఏడాదిలో మొదటిసారి, చేతులు ఒళ్లో పెట్టుకుని. తమ్ముడు గడపలో నిలబడి అక్క చేతులనే చూస్తున్నాడు.

"పది వేళ్లూ ఉన్నాయిలేరా. పోయి ఇంకో నాలుగు ఉల్లిపాయలు పట్రా."

పోయాడు. నవ్వుకుంటూ పోయాడు.

ఆమె తల ఎత్తింది. ఉల్లి ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

అద్దంలోంచి వెలుతురు గట్టు దాటింది. ఆమె మోచేయి దాటింది. పాత వంటగది నేల మీదకు దిగింది— ఇదివరకు ఎన్నడూ రాని చోటికి.

ఎంత దూరం వస్తుందో... ఎన్నాళ్లు వస్తుందో...

ఇంకా వస్తూనే ఉంది.