నీ బ్యాగులో చోటుందా

"నీ బ్యాగులో కాస్త చోటుందా అమ్మాయ్?" అని మొదట అడిగింది అత్తగారు. ఆవిడ చేతిలో మోకాళ్ళ నొప్పుల తైలం సీసా, బీపీ మాత్రల డబ్బా, ఉన్ని టోపీ ఉన్నాయి. పులిహోరకి పోపు వేస్తున్న రాహేలు వెనక్కి తిరగకుండానే, "ఆయ్, పెట్టేయండి అత్తయ్యగారూ" అంది. పోపు చిటపటలు ఆగకముందే భర్త శ్యామ్ బాబు రెండు తువ్వాళ్ళు, లుంగీ, గెడ్డం గీసుకునే సామాను పట్టుకొచ్చాడు. "నీ బ్యాగులో పట్టేస్తాయిలే" అన్నాడు. కొడుకు జోజి ఆ మాత్రం కూడా అనలేదు. నిక్కర్లు, బంతి, చార్జరు కుక్కేసి వెళ్ళిపోయాడు. ఇక జిప్పు పడదని తేలాక రాహేలు తన చీరనీ, కూతురు బ్లెస్సీ గౌనునీ బట్టల కొట్టువాళ్ళిచ్చిన గుడ్డసంచిలో పెట్టుకుంది. బ్యాగు కొన్న మనిషికి సంచి, మిగతావాళ్ళకి బ్యాగు.

ఆ ఆకుపచ్చ బ్యాగు ఆమె అమలాపురం గడియార స్తంభం దగ్గర తనకోసం తాను ఎంచుకుని మరీ కొనుక్కుంది. కొట్టతను "బాబుకాండీ, పాపకాండీ?" అని అడిగితే, "నాకేనండీ" అనడానికి సిగ్గుపడింది. రెండు భుజాలకీ తగిలించుకుని కొట్లో అద్దం ముందు నిలబడింది. బరువంతా వీపు మీదికి పోయి రెండు చేతులూ ఖాళీగా వేళ్ళాడాయి. అలా రెండు చేతులూ ఒక్కసారే ఖాళీగా ఉండి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. పాఠాలు చెప్పే కాట్రేనికోన బడికి వెళ్ళే బస్సులో కూడా ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఉండేవి.

ఈ ప్రయాణం మొదలైంది ఆ కాట్రేనికోన బడిలోనే. తోటి టీచరు వెంకటదుర్గ ఓ మధ్యాహ్నం ఫోనులో పొల్లూరు జలపాతం వీడియో చూపించింది. చింతూరు దాటి వెళ్ళాలట. అటు ఛత్తీస్‌గఢ్, ఇటు ఒడిశా, మధ్యలో మన ఆంధ్రా ఊరు. "దసరా సెలవుల్లో మనిద్దరం బస్సులో వెళ్ళొచ్చేద్దామండీ రాహేలుగారూ. చెరో బ్యాగు తగిలించుకుంటే చాలు. అక్కడ నీళ్ళ కింద నిలబడితే పక్కనున్న మనిషి అరిచి పిలిచినా వినపడదంటండీ!" అంది.

ఆ చివరి మాట దగ్గర రాహేలు ఆగిపోయింది. కోనసీమలో పుట్టిన మనిషికి నీళ్ళు కొత్త కాదు. ఇంటి ముందు కాలవ, వెనక బోదె, కాస్త దూరం పోతే గోదారి పాయ, ఇంకాస్త పోతే సముద్రం. కానీ ఆ కాలవ నీళ్ళూ పాయ నీళ్ళూ తలొంచుకుని చప్పుడు చెయ్యకుండా పోతాయి. వాటి పక్కన నిలబడితే ఇంట్లోంచి పిలిచిన పిలుపు స్పష్టంగా వినపడుతుంది. తెల్లారింది మొదలు ఆమెని పిలవనివాళ్ళు లేరు. రాహేలూ, ఇస్త్రీ చొక్కా ఏదీ? అమ్మాయ్, నా కళ్ళజోడు చూసేవా? అమ్మా, నా సాక్సు? మేడమ్, హెడ్మాస్టరుగారు రమ్మంటున్నారు! స్నానాల గదిలో తలుపేసుకున్నా పిలుపు తలుపు కింద నుంచి వచ్చేసేది. పిలిచినప్పుడల్లా ఆమె "ఆయ్" అనేది. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో, అనిపించుకునేవాళ్ళకి అంత సౌకర్యమూ ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు చర్చిలో అందరితో మురిసిపోయి చెప్పింది కూడా: "మా కోడలికి ఆయ్ తప్ప ఇంకో మాట రాదండీ." అది పొగడ్తేననుకుని రాహేలు కూడా మురిసిపోయింది. పిలుపు వినపడని చోటు ఒకటుందని తెలిసిన రోజు నుంచీ మాత్రం ఆమెకి నిద్రలో కూడా అక్కడికి వెళ్ళాలనే ఉంది. ఎక్కువసేపు కాదు, ఓ పది నిమిషాలు నిలబడితే చాలు.

భర్తతో చెప్పింది. ఆయన కాదంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, మాట్లాడ్డం మానేయొచ్చు. ఆయన కాదనలేదు. ముందు నవ్వాడు. "నీళ్ళు చూడ్డానికి అంత దూరవా? మన కాలవలో నీళ్ళు నీళ్ళు కావా?" అన్నాడు. తర్వాత దిగులుపడ్డాడు. "ఆడవాళ్ళిద్దరే అడవిలోకి వెళ్తే ఆఫీసులో నన్నేవనుకుంటారు?" ఆఖరికి దయ చూపించాడు. "సరే, అంత సరదాగా ఉంటే అందరం వెళ్దాం. అమ్మ కూడా ఎక్కడికీ వెళ్ళలేదు కదా." ఆ దయకి ఎదురు చెప్పే మాట రాహేలుకి ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. "ఆయ్" అంది. చర్చిలో ఆడవాళ్ళు, "అదృష్టవంతురాలివమ్మా, అడగ్గానే తీసుకెళ్తున్నారు" అన్నారు. వెంకటదుర్గ మాత్రం, "మనిద్దరం అనుకుంటే మీరు ఊరేగింపు తీస్తున్నారు. నేను రాన్లెండి" అని నవ్వేసి ఊరుకుంది.

వీపు మీద ఉండాల్సిన బ్యాగు దారంతా ఆమె ఒళ్ళో ఉంది. కిటికీ సీట్లో జోజి కూర్చున్నాడు. రాజమండ్రిలో మారిన బస్సు మారేడుమిల్లి దాటి ఘాట్ రోడ్డు ఎక్కింది. బల్లపరుపు నేల మీద పుట్టి పెరిగిన కుటుంబానికి ఆ వంపులు పడలేదు. అత్తగారికీ, కొడుక్కీ, మనవడికీ వంతులవారీగా వాంతులయ్యాయి. రాహేలు కవర్లు అందిస్తూ, నిమ్మకాయ వాసన చూపిస్తూ, మూతులు తుడుస్తూ కూర్చుంది. ఆమెకి కడుపులో తిప్పడానికి కూడా తీరిక లేదు. అడవి చాలా బాగుందని తర్వాత బస్సు దిగినవాళ్ళు అనుకుంటుంటే విన్నది.

కాస్త తేరుకున్నాక అత్తగారు కబుర్లలో పడింది. "మీ మావయ్యగారు బతికున్నప్పుడు ఏ సువార్త సభలకైనా నన్ను తీసుకెళ్ళేవారమ్మా. నేను చాపా, కూజా, పిల్లల్నీ చూసుకుంటా పందిరి చివర కూర్చునేదాన్ని. అన్ని సభలకెళ్ళేనా, ఒక్క బోధకుడి మొహం చూడలేదు. అయితేనేం, మైకులో అంతా వినపడేది కదా!" అని నవ్వింది. రాహేలు కూడా నవ్వింది.

రాత్రికి చింతూరులో లాడ్జి. వాంతులైన బట్టలన్నీ ఉతికి ఆరేసింది రాహేలే. పొద్దున్నే లాడ్జి ఖాళీ చేసి, ఆటో మాట్లాడుకుని జలపాతానికి బయల్దేరారు. ఆటో ఆగక ముందే ఆ చప్పుడు వినపడింది. ఒకటే హోరు. చెట్ల మధ్య నుంచి రాళ్ళ దారి కిందికి దిగుతోంది. మలుపు తిరిగితే నీళ్ళు కనిపిస్తాయి. రాహేలు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంది.

"అరే, కోతులు!" అన్నాడు శ్యామ్ బాబు. "సామాన్లన్నీ పీక్కుపోతాయి. రాహేలూ, నువ్విక్కడ కూర్చో. మేం ఓసారి చూసొచ్చేస్తాం, తర్వాత నువ్వు తీరుబడిగా వెళ్దువుగాని. ఏం?"

అలవాటైన నోరు. "ఆయ్" అనేసింది. అన్న తర్వాత గానీ ఏమన్నదో తెలియలేదు. అత్తగారి చెయ్యి బ్లెస్సీకి అప్పజెప్పి, నలుగురూ చెప్పులు అక్కడే విడిచి దిగిపోయారు.

రాహేలు ఓ బండ మీద కూర్చుంది. బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుంది. మలుపు అవతల నీళ్ళ హోరు, జనం కేకలు. ఇక్కడ గుడ్డసంచి, పులిహోర డబ్బా, చెప్పులు, కోతులు. ఆమెకి హఠాత్తుగా పందిరి చివర చాప గుర్తొచ్చింది. మైకులో అంతా వినపడేది కదా అన్న అత్తగారి నవ్వు గుర్తొచ్చింది. అది నవ్వే మాట కాదని ఇప్పుడు తెలిసింది. ఇంతలో ఎవరో తణుకు నుంచి వచ్చిన కుర్రజంటలు ఆమె ముందు ఆగారు. "ఎలాగూ కూర్చున్నారు కదా మేడమ్, మా బ్యాగులు కూడా కాస్త చూస్తారా?" అని అడిగారు. ఈమె ఏమనేలోపే బ్యాగులు పెట్టేసి, చెప్పులు కూడా అక్కడే విడిచి వెళ్ళిపోయారు. ఊరు మారినా, అడవికొచ్చినా, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా తన మొహంలో ఏం కనిపిస్తుందో ఆమెకి అర్థం కాలేదు. కోపం వచ్చింది. తణుకువాళ్ళ మీద కాదు, తన నోటి మీద.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. జోజి నిలువునా తడిసి ఎగురుతున్నాడు. శ్యామ్ బాబు తల తుడుచుకుంటూ, "ఆకలి దంచేస్తోంది, పెట్టు పెట్టు" అన్నాడు. ఆమె పేపర్ ప్లేట్లలో పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు వడ్డించింది. బ్లెస్సీకి పెడుతూ గౌను ముట్టుకుని చూసింది. పొడిగా ఉంది.

"నువ్వు నీళ్ళలో దిగలేదా అమ్మా?"

"నానమ్మ చెయ్యి పట్టుకున్నానమ్మా. రాళ్ళు జారుతున్నాయి కదా. దూరం నుంచి చూశాం" అంది బ్లెస్సీ గుడ్డు కొరుకుతూ, అదేం పెద్ద విషయం కానట్టు.

ఆటో అతను హారన్ కొట్టాడు. శ్యామ్ బాబు చెయ్యి కడుక్కుని వాచీ చూసుకున్నాడు. "ఇంక టైము లేదు. రాజమండ్రి బస్సు తప్పిపోద్ది. వీడియో తీశాన్లే, బస్సులో చూద్దువుగాని."

"నేను చూడలేదండీ" అంది రాహేలు.

ఆ గొంతులో ఏం వినపడిందో, ఆయన మెత్తబడ్డాడు. మంచివాడే మరి. "సరే సరే, గబగబా వెళ్ళి వచ్చెయ్. బ్లెస్సీ, నువ్విక్కడ కూర్చో తల్లీ, అమ్మ చూసొస్తుంది. కోతులొస్తాయి, బ్యాగు వదలకు. జోజీ, రా, ఆటో అతన్ని ఆగమందాం."

"ఆయ్ నాన్నగారూ" అంది బ్లెస్సీ.

రాహేలు తల తిప్పి చూసింది. అది తన ఆయ్. ఎక్కువా తక్కువా కాకుండా, అనేముందే తల కాస్త వంగిపోయే ఆయ్. పాప బండ మీద కూర్చుంది. బ్యాగు కాళ్ళ మధ్యకి లాక్కుంది. చెల్లాచెదురుగా ఉన్న తణుకువాళ్ళ చెప్పుల్ని కూడా జతలు జతలుగా పక్కన పెట్టుకుంది. అది ఎవరూ నేర్పలేదు అనుకోబోయింది రాహేలు. నేర్పకపోవడమేమిటి, ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ తనే రోజూ నేర్పుతూనే ఉంది.

దారి కళ్ళెదురుగా ఉంది. ఒక్కసారి చూసొస్తే ఏం పోతుంది, పాప కాసేపు కూర్చుంటే అరిగిపోతుందా, అని మనసు పీకింది. ఎన్ని నెలల కోరిక! ఒక అడుగు వేసింది కూడా. వేసి ఆగింది. తనని ఇక్కడ కూర్చోబెట్టి వెళ్ళినవాళ్ళూ ఇదే అనుకుని ఉంటారు. కాసేపు కూర్చుంటే ఏం పోతుందనే అనుకుని ఉంటారు.

ఆమె వెనక్కి వచ్చి బ్యాగు జిప్పు లాగింది. తైలం సీసా, మాత్రల డబ్బా, టోపీ తీసి బండ మీద పెట్టింది. తువ్వాళ్ళు, లుంగీ, గెడ్డం సామాను. నిక్కర్లు, బంతి, చార్జరు. బ్యాగు తిరగేసి దులిపింది. బ్లెస్సీ నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆటో దగ్గర నుంచి శ్యామ్ బాబు పరిగెత్తుకొచ్చాడు. "ఏవిటది? మతిపోయిందా? బస్సు!"

"బస్సు పోతే ఇంకోటి వస్తుందండీ. పాపా నేనూ వెళ్తున్నాం. ఇవి మీవే కదా, చూసుకోండి."

"నేను కూర్చుంటాన్లేమ్మా" అని అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి బండ దగ్గరికి రాబోయింది. "మీరెళ్ళండి. నాకలవాటే."

"వద్దండి అత్తయ్యగారూ. మీరు చాలా కూర్చున్నారు. ఈసారి ఆయన కూర్చుంటారు."

అత్తగారు కోడలి వంక చూసింది. ఖాళీ బ్యాగు వంక చూసింది. ఆవిడ తైలం సీసాని మెల్లగా కొడుకు వైపు జరిపి, "మూత వదులుగా ఉందిరా, ఒలకనివ్వకు" అంది.

రాహేలు బ్యాగు రెండు భుజాలకీ తగిలించుకుంది. అందులో ఏమీ లేదు. ఖాళీగా వేళ్ళాడిన చేతుల్లో ఒకదాన్ని బ్లెస్సీ పట్టుకుంది. రెండోది ఖాళీగానే ఉంది. ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఈ బస్సు మాట ఏళ్ళ తరబడి వినాలి. చర్చిలో అందరికీ తెలుస్తుంది. సెలవులయ్యాక మళ్ళీ అదే పోపు, అదే క్యారేజీ. వాటిలో ఏదీ మారదు. రాళ్ళు చూసుకుంటూ దిగింది.

మలుపు దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి కేక వచ్చింది. "రాహేలూ! ఒసేయ్ రాహేలూ!"

బ్లెస్సీ ఠక్కున ఆగింది. "ఆ..." అని దాని నోరు తెరుచుకుంది. తల్లి మొహం చూసి మూసుకుంది.

"నాన్నగారు పిలుస్తున్నారమ్మా" అంది భయంగా.

రాహేలు వెనక్కి తిరగలేదు. పాప చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇంకొంచెం ముందుకెళ్తే వినపడదమ్మా" అంది.