అవతలి ప్లాంటు అంకె

ఆ రోజు ఉదయం పది గంటలకు అద్దాలక్కను మా కళ్ళ ముందే బయటికి గెంటారు. ముప్పై నాలుగు మందిమి కుర్చీల్లో కూర్చుని చూశాం. ముందు ఈ సిగ్గు ఒప్పుకోకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

మాది చిప్పుల ఫ్యాక్టరీ. మీ ఫోన్లలో, మీ కాలేజీ కంప్యూటర్లలో ఉండే గోరంత ముక్కలు మా చేతుల మీదుగానే వస్తాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి గీత పడిందా, అంచు విరిగిందా అని చూడడం మా సెక్షన్ పని. కళ్ళు తప్ప ఏమీ కనిపించని తెల్ల సూటు తొడుక్కుని, గాలితో దుమ్ము దులిపే గదిలోంచి లోపలికి వెళ్తాం. ఫోన్లు, భోజనం డబ్బాలు బయట లాకర్లలోనే. అద్దాలక్కది అక్కడ పంతొమ్మిదేళ్ళ సర్వీసు. చేరినప్పుడు ఆమెకు అద్దాలు లేవు. ఆ పేరు ఫ్యాక్టరీ పెట్టిందే.

నీళ్ళు తాగడానికి వెళ్ళి తిరిగొచ్చి తలుపు దగ్గర కార్డు పెట్టింది. ఎర్రలైటు. కార్డును తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదే. గాజు గోడ అవతలి నుంచి మా వైపు చూసి, ఏమైందో అన్నట్టు చెయ్యి తిప్పింది. ఇంతలో గార్డు వచ్చాడు.

"సూటు కంపెనీది. విప్పి ఇచ్చెయ్యండమ్మా."

"నా డబ్బా తీసుకోనీ బాబూ."

లాకరు కూడా ఆ కార్డుకు తెరుచుకోలేదు. గార్డుకూ మొహం చెల్లలేదు, నేల చూపులు చూశాడు. ఆమె అలాగే, కాళ్ళకు ఫ్యాక్టరీ చెప్పులతోనే వెళ్ళిపోయింది.

"మైక్రోస్కోపులోకి చూడండమ్మా, గోడ వైపు కాదు!" ఇంచార్జి అరిచాడు.

చూశాం.

మర్నాడు మేనేజరు మీటింగు పెట్టాడు. బజార్లో చిప్పులకు గిరాకీ పడిపోయిందట, పోటీ పెరిగిందట. బస్సులో అయిదు గంటల దూరంలో మా కంపెనీదే ఇంకో ప్లాంటు ఉంది. గోడ మీద పెద్ద స్క్రీను వెలిగించాడు. అందులో రెండు అంకెలు. మేం ఒక్కొక్కరం గంటకు చూసే ముక్కలు మూడువందల పది. అవతలి ప్లాంటు వాళ్ళవి మూడువందల ఎనభై.

"వాళ్ళకూ రెండే కళ్ళు. ఎవరి అంకె తక్కువుంటే కోత వాళ్ళకే. ఇక మీ ఇష్టం."

మా ఇష్టమట! నెల తిరిగేలోగా పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్ళం నీళ్ళు తాగడం మానేశాం, లేవాల్సి వస్తుందని. ముఖం ఎరగని ఆ ప్లాంటు వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాం. పక్క బల్ల పిల్ల వెనకబడితే లోలోపల సంతోషించాం కూడా. కంపెనీకి కావలసింది సరిగ్గా అదే.

యూనియన్ ఆఫీసుకు వెళ్తే కార్యదర్శి వినతిపత్రం రాద్దామన్నాడు.

"ఇప్పటికి మూడు రాశారు కదా," అన్నాను.

"ఇంకోటి రాస్తే పోయేదేముందమ్మా?"

"పోయేది మేమండీ!"

పర్మనెంటు మెకానిక్కులు ఒక మూల నించున్నారు. "కాంట్రాక్టువాళ్ళ గొడవ మా మెడకు చుట్టకండి," అన్నాడొకడు. వాళ్ళలో మా మరిది కూడా ఉన్నాడు. మా బదులు ముక్కలు చూసే కెమెరా మిషన్లు బిగిస్తున్నది వాడే. ఇంటికొచ్చాక నిలదీశాను.

"నేను బిగించకపోతే ఇంకొకడు బిగిస్తాడు వదినా."

"రేపు ఆ మిషన్ను చూసుకోవడానికి ఇంకో మిషన్ వస్తే?"

వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "తినేటప్పుడు ఆ మాటలు అవసరమా?" అని మా అత్త నా మీద కేకలేసింది. మా ఆయన నీళ్ళగ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

తరవాత ఒకరోజు అవతలి ప్లాంటు నుంచి తనిఖీకి వచ్చిన ముక్కల పెట్టె విప్పుతుంటే నాకు తట్టింది. వాళ్ళు చూసిన ముక్కల్లో కొన్ని మా దగ్గరికి, మావి కొన్ని వాళ్ళ దగ్గరికి మళ్ళీ చూడ్డానికి వెళ్తాయి. పెట్టెలో ఒక చీటీ ఉంటుంది. చీటీ అడుగున తప్పులు రాసే ఖాళీ ఉంటుంది. వెళ్ళే పెట్టెలోని చీటీ మీద రాశాను: "మీకు మా అంకె ఎంతని చెబుతున్నారు? మీది నిజంగా ఎంత?"

అయిదో రోజు జవాబొచ్చింది. "మాది మూడువందలు దాటదు. మీరు నాలుగువందలు చూస్తున్నారని చెప్పి మాలో సగం మందిని తీసేశారు. మీవి కళ్ళా, కెమెరాలా తల్లీ? ఇట్లు, ఆరో బల్ల." కింద ఫోన్ నంబరు.

నవ్వొచ్చింది. తరవాత కోపంతో చదివిందే మళ్ళీ చదివాను. చీటీ బల్లబల్లకూ తిరిగింది. బండతిట్లు తిట్టిన నోళ్ళన్నీ మూతపడ్డాయి.

ఆరో బల్ల ఆమెతో ఫోన్లో మాట్లాడి రోజు కుదుర్చుకున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు రెండు ప్లాంట్లలోనూ చేతులు ఆపేయాలి. బయటికి వెళ్తే లోపలికి రానివ్వరు కాబట్టి, కుర్చీల్లోంచి లేచి ఉన్నచోటే నించోవాలి.

రెండయింది. ఇరవై మూడు మందిమి మైక్రోస్కోపుల మీంచి తలలెత్తి లేచి నించున్నాం. స్క్రీను మీద మా అంకె సున్నా అయింది. ఒక నిమిషానికి వాళ్ళదీ సున్నా! ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంచార్జి మొహం పాలిపోయింది. మేనేజరు మైకులో బెదిరించాడు, తరవాత బతిమాలాడు. ఎవరమూ కదల్లేదు.

నాలుగింటికి అవతలి అంకె కదిలింది. పన్నెండు. నలభై. తొంభై.

"చూశారా? మిమ్మల్ని ముంచి వాళ్ళు పని మొదలుపెట్టారు. మొదట మళ్ళీ పనికి కూర్చున్న పదిమందికి కోత ఉండదు," అన్నాడు మేనేజరు మైకులో.

"అది అబద్ధం, కదలకండి!" అన్నాను.

"నీకెలా తెలుసు? నీ ఫోను లాకర్లో ఉందిగా!" అంది పక్క బల్ల పిల్ల ఏడుస్తూ. ఒకామె కూర్చుంది. ఇద్దరు. తరవాత కుర్చీల కోసం ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి నలుగురం మిగిలాం. నలుగురితో ఏమవుతుంది?

షిఫ్టు దిగి లాకరు తెరిస్తే ఆరో బల్లవి పదకొండు కాల్స్.

"మీరెందుకు మొదలుపెట్టారమ్మా? మమ్మల్ని నట్టేట ముంచారు కదా!" అన్నాను ఫోన్ చేసి.

"మేమా? మీ అంకే ముందు కదిలింది!"

"మా స్క్రీను మీద మీది కదిలింది!"

ఒకే అబద్ధానికి రెండుసార్లు పడ్డాం. గోడకు తల బాదుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం అద్దాలక్క ఇంటి వరండాలో చేరాం. మళ్ళీ అవే అరుపులు, ముందు నువ్వు కూర్చున్నావంటే నువ్వు కూర్చున్నావని. మధ్యలో మా మరిది వచ్చాడు. మేనేజరు గదిలో వైరు సరిచెయ్యడానికి వెళ్ళాడట.

"ఆ స్క్రీను అంకెను ఒకడు కంప్యూటరు ముందు కూర్చుని, మేనేజరు చెప్పినప్పుడల్లా చేత్తో మారుస్తున్నాడు. నేను చూశాను." కాసేపాగి, "నిన్ననే చూశాను వదినా. చెప్పడానికి భయమేసింది," అన్నాడు.

చెంప పగలగొడదామనిపించింది. అద్దాలక్క వాడికి కుర్చీ జరిపింది. "రేపు గేటు దగ్గర ఇదే మాట చెప్పు. ఇప్పుడు కూర్చో."

"ఇక స్క్రీన్లు వద్దు, చీటీలు వద్దు. మనిషి మొహం మనిషి చూడాలి. రేపు పొద్దున్నే మీ గేటుకు బస్సెక్కుతాం," అంది ఫోన్లో ఆరో బల్ల.

మర్నాడు గేటుకు తీసేసినవాళ్ళ జాబితా అంటించారు. ఇరవై ఒక్క పేర్లు, మొదటిది నాది; ముందు కూర్చున్నవాళ్ళనూ వదల్లేదు. ఎండలో నించున్నాం. మరిది మెట్టెక్కి తాను చూసింది అందరికీ చెప్పాడు. మెకానిక్కుల్లో సగం మంది ఆగిపోయారు. మిగతా సగం తలొంచుకుని లోపలికి నడిచారు. కార్యదర్శి ఫోన్ ఎత్తలేదు. పదైంది. పదకొండైంది. "రారే. వాళ్ళెందుకొస్తారు?" అనడం మొదలైంది. కొందరు ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పన్నెండింటికి మూల తిరిగి బస్సు ఆగింది. నలభై మంది దిగారు. ముందు దిగిన పొట్టావిడ కళ్ళజోడు సర్దుకుంటూ మమ్మల్ని వరసగా చూసింది. "చీటీ రాసిందెవరు?"

చెయ్యెత్తాను. ఏడవకూడదనుకున్నాను. ఆమె ముందు ఏడ్చింది.

గంటలో పోలీసులొచ్చారు. రెండు వ్యాన్లు. ఇక్కడివాళ్ళను ఒకదాంట్లో, బయటినుంచి వచ్చినవాళ్ళను ఇంకోదాంట్లో ఎక్కించమని ఆర్డరు. కాగితం పట్టుకున్న కానిస్టేబులు ముందు అద్దాలక్కను అడిగాడు.

"ఏ ప్లాంటు?"

"చిప్పుల ప్లాంటు."

"అది తెలుసమ్మా. ఇక్కడిదా, అక్కడిదా?"

"ఏదైతే ఏంటి నాయనా? కళ్ళు పోయింది ఒకలాగే."

ఆరో బల్లను అడిగితే అదే జవాబు. పక్క బల్ల పిల్లను అడిగితే అదే. మా మరిదిని అడిగితే, "చిప్పుల ప్లాంటు, మెకానిక్కును," అన్నాడు. కానిస్టేబులు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరు దొరికితే వాళ్ళను ఏది దొరికితే ఆ వ్యాన్లో ఎక్కించారు. రెండూ నిండిపోయాక వ్యాన్ కిటికీలోంచి చూస్తే గేటు ముందు ఇంకా అరవై మంది ఉన్నారు. అప్పుడే పక్క సెక్షన్ల మధ్యాహ్నం షిఫ్టువాళ్ళు వచ్చారు. ఒక్కరూ కార్డు బయటికి తియ్యలేదు. మేం ఖాళీ చేసిన చోటుకు వచ్చి నేల మీద కూర్చున్నారు.