కాదనకూడని ఆట

మా యూనివర్సిటీ పరిపాలన భవనంలో ఉద్యోగులకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. రాసిపెట్టిన మాటలు లేకుండా అప్పటికప్పుడు నటించడం నేర్చుకుంటే బెరుకు పోయి, పనిలో ఎదుగుతామట. నేర్పడానికి వచ్చిన శ్రీలలిత మేడమ్ ఒకటే నియమం పెట్టారు. జోడీ ఏమన్నా కాదనకూడదు, ఆలోచించకూడదు. అవునని, వెంటనే ఇంకో మాట కలపాలి.

నేను అటెండర్‌ని. మా ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నలభై దాటాక పదో తరగతి పాసై, రికార్డు అసిస్టెంటు పోస్టుకు దరఖాస్తు పెట్టుకున్నాను. సూపరింటెండెంటు దివాకర్ సార్ నా కాగితాలు అందలేదన్నాడు. ఆయన చేతికే ఇచ్చాను. శనివారంతో జాబితా మూసేస్తారు.

శిక్షణకు ఆయనా వచ్చాడు. మొదటి రోజంతా నేను ఆయన్నే చూశాను. చప్పట్లు పడితే మనిషి ఆగడు.

సాయంత్రం తార్నాకలో మా పక్క గది కామాక్షిని కూర్చోబెట్టి, దివాకర్ సార్‌లా జవాబులు చెప్పమన్నాను. ఏ మాట తర్వాత ఏ మాట వేయాలో తేలేదాకా ఆమెను వదల్లేదు.

"గాయన ఒప్పుకుంటడా అక్కా?"

"నలుగురు నవ్వితే ఒప్పుకుంటడు."

మర్నాడు నేనే లేచి ఆయన్ని జోడీగా కోరుకున్నాను. ఆటలోనూ ఆయన సూపరింటెండెంటే, నేను ఆయన దోస్తుని. ముందు వరసలో డిప్యూటీ రిజిస్ట్రారు వేదవతి మేడమ్ ఉన్నారు. మొదట ఆయన పొట్ట మీద, స్కూటరు మీద మాటలు వేసి హాలును నవ్వించాను. ఆయనకు ఊపొచ్చింది.

"ఏం దివాకర్, ఆ అటెండర్ కాగితాలు మస్తు దాచినవట గదా."

"అవును, ఇంకా పాత హాజరు రిజిస్టర్ల కింద పెట్టి బీరువాకు తాళమేసిన."

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆమె పాసైందని నీకు మండిందట."

"అవును, ఇంకా నిన్నటిదాక చాయ్ ఇచ్చినామె నా పక్కన కుర్చీ ఏసుకుంటదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కడే కాసేపు నవ్వి ఆగిపోయాడు. అదంతా ఆటేనన్నాడు. వేదవతి మేడమ్ బీరువా తాళంచెవి అడిగారు.

కాగితాలు ఆయన చెప్పిన చోటే దొరికాయి. ఆ పూటే నా పేరు జాబితాలోకి ఎక్కింది. ఆయనకు సంజాయిషీ నోటీసు టైపు చేశారు.

ఆఫీసు అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపాడు. కాగితాలు అక్కడ పొరపాటున పెట్టాడని మేడమ్‌తో ఒక్క మాట చెప్పమన్నాడు. సర్వీసు పాడవుతుందన్నాడు, పిల్లల చదువులన్నాడు. తొందరపడకుండా అంతా విన్నాను.

"రాసియ్యండి సార్" అన్నాను. "చదివి చూస్త."