సూది దిగిన చోటు

ప్రెస్సాయనవి పాము చెవులని ఆ వెనక గదిలో అందరి నమ్మకం. రికార్డు మీద సూది ఆనీ ఆనకముందే చెయ్యెత్తేవాడు. పాట పేరు చెప్పి ఊరుకుంటాడా, డెబ్బై మూడులో ఆ బ్యాండు డ్రమ్మరుకు గవదబిళ్లలు వస్తే పెట్టెలు మోసేవాడి చేత డ్రమ్ములు వాయించారన్న ముచ్చట కూడా తగిలించేవాడు.

నిజానికి ఆ చెవులు పోయి ఏడాది కావస్తోంది. ఏళ్ల తరబడి అచ్చు మెషీన్ పక్కన నిలబడితే మిగిలేది అంతే. అందుకని వినడం మానేసి చూడడం మొదలుపెట్టాడు. రికార్డు నడుమ అంటించిన కాగితం రంగేమిటి, సూది ఎన్నో పాట దగ్గర దిగింది, ఆ రెండూ తెలిస్తే చాలు. అక్కడున్న రికార్డులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి ప్లేయరు పక్క కుర్చీ పట్టేసేవాడు.

గది బావమరిదిది. ముందు రేడియోలు బాగుచేసే షాపు, వెనక ఈ పాత రాక్ పాటల పిచ్చి. వాళ్లిద్దరూ కాక ఒక పళ్ల డాక్టరు, ఒక డ్రైవింగ్ మాస్టారు వచ్చేవారు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసే ఆయన కూడా వచ్చేవాడు. సరిగ్గా వినపడక ప్రతిదానికీ "మళ్లీ ఓసారి చెప్పు" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటి కొరుకుతున్నావా అన్నాడట అని ఆయన మొహం మీదే అని గదంతా నవ్వించింది ప్రెస్సాయనే. ఆ తర్వాత గడియారాలాయన రాలేదు. రమ్మని పిలిచినవాళ్లూ లేరు.

ఇప్పుడు ఆ నవ్వే ప్రెస్సాయనను నిద్రపోనివ్వడం లేదు. వారమంతా మెషీన్ రొదలోనే గడిచిపోతుంది. మనిషిలా నాలుగు మాటలు మాట్లాడేది ఈ ఒక్కచోటే. ఇదీ పోతే? పైగా ఈ పొద్దున భార్య ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి మరీ చెప్పింది, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే తమ్ముడికి తనే చెప్పేస్తానని. ఈపాటికి చెప్పేసిందేమో.

షాపులో అడుగుపెట్టినప్పటి నుంచీ బావమరిది మొహమే చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే వరసే. అతను నవ్వితే తెలిసిపోయిందేమోనని భయం, నవ్వకపోతే ఇంకా భయం. ఎదుటివాళ్లను మాట్లాడనిస్తే వినాల్సి వస్తుందని తనే మాట్లాడాడు. ఏ బ్యాండు పైకప్పు కారుతుంటే గొడుగుల కింద రికార్డింగ్ చేసిందో, ఏ గాయకుడు చెప్పులు విప్పితే తప్ప గొంతు విప్పేవాడు కాడో, ఒకదాని మీద ఒకటి. పళ్ల డాక్టరు ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు.

పాటలు కనిపెట్టే ఆట మొదలైంది. డ్రైవింగ్ మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. బావమరిది సూది దించాడు. ఆకుపచ్చ కాగితం, మూడో పాట. ప్రెస్సాయన కళ్లు మూసుకుని, తాళానికి తల ఊపి, చెయ్యెత్తి పాట పేరు చెప్పాడు.

"ఆ గిటారు వినండి. తీగ తెగినా ఆపకుండా వాయించాడు. ఎంత స్పష్టంగా తెలుస్తోందో చూశారా."

కళ్లు తెరిస్తే ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. డ్రైవింగ్ మాస్టారు మెల్లగా వంగి, తన కుర్చీ కాలికి చిక్కుకుని ఊడిపోయిన స్పీకరు వైరు పైకెత్తాడు. గదిలో అసలు పాటే మోగలేదు.

ప్రెస్సాయన ఎత్తిన చెయ్యి దించి, నవ్వు కోసం ఎదురుచూశాడు. తను నేర్పిన నవ్వే కదా. ఒక్కొక్కరి నోటి వంకే చూశాడు. ఎవరూ నవ్వలేదు, అది మరీ భరించలేకపోయాడు.

బావమరిది సూది ఎత్తి పక్కన పెట్టి, అటు తిరిగే ఏదో అన్నాడు. పళ్ల డాక్టరు తల దించుకున్నాడు. ఇక రావద్దన్నాడా? అక్క అంతా చెప్పిందన్నాడా? ఊరికే తల ఊపేస్తే సరిపోయేది. ఏడాదిగా అలాగే నెట్టుకొచ్చాడు. ఈసారి మెడ కదల్లేదు.

"మళ్లీ ఓసారి చెప్పు," అన్నాడు.

బావమరిది ఇటు తిరిగి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గడియారాలాయన్ని మనమే తరిమేశాం అన్నాను, బావా. నువ్వెళ్లి పిలుచుకురా."

ప్రెస్సాయన ఆ పెదాలు కదిలినంతసేపూ చూసి, సరేనన్నాడు. ఆ ఇల్లు ఆయనకు తెలుసు. కానీ తలుపు తడితే లోపలున్న మనిషికి వినపడదు. ఒకవేళ వినపడి ఎవరు అని అడిగినా, బయట నిలబడ్డ తనకు వినపడదు.