లైనుకు పనికిరాని పెట్టె

కడ్డీ పట్టుకుంటే అరచేతికి ఉప్పు. పెదవి తడుపుకుంటే ఉప్పు.

నౌపడ ఉప్పుమళ్ళ గాలి అంతే.

ఈ గార్డు పెట్టె ఒకప్పుడు గూడ్సుబళ్ళ వెనకాల ఊళ్ళు చూసింది. ఇప్పుడు దాని ఒంటిమీద తెల్లరంగు రాత — ‘యార్డులోనే. లైనుకు పనికిరాదు.’

స్టేషను నుంచి ఉప్పు సైడింగు చివర, పట్టాలు ఆగిపోయే మట్టిదిబ్బ దాకా. మళ్ళీ స్టేషనుకు. అదే దాని లోకం.

పన్నెండేళ్ళుగా నాదీ.

ఇంజను వెనకనుంచి నెడుతుంది. ఖాళీ వ్యాగన్లకు ముందు ఈ పెట్టె. పెట్టె అంచున జెండాలతో నేను. డ్రైవరు బాబ్జీకి దారి కనబడదు. దిబ్బ దగ్గర పడగానే నేను ఎర్రజెండా ఎత్తాలి.

అందరికంటే ముందు వెళ్ళేది నేనే... దారి లేని చోటికి.

గార్డు పరీక్ష ప్యాసయ్యాను. నా భార్య మోహిని, గార్డులు బండిలో వెంట తీసుకెళ్ళే రేకుపెట్టె కొని, దానిమీద నా పేరు రాయించింది.

“నువ్వు ఇచ్ఛాపురం దాటితే సాలు. నాకింకేటీ వద్దు.”

మిగిలింది వైద్యపరీక్ష.

ఈ ఉదయం రైల్వే డాక్టరు కాగితం చేతికిచ్చాడు.

క్రియాటినిన్. కిడ్నీలు చెడ్డాయని చెప్పే లెక్క. మా ఊరు కవిటిలో చదువురాని నూకమ్మత్త కూడా తడబడకుండా పలికే మాట. ఆమె ఇద్దరు కొడుకులూ ఆ మాటతోనే పోయారు.

కింద ఒక వాక్యం — లైను డ్యూటీకి పనికిరాడు. యార్డు డ్యూటీ ఇవ్వవచ్చు.

“ఉప్పు మానెయ్,” అన్నాడు డాక్టరు.

నవ్వొచ్చింది. ఎక్కడ నిలబడి మానను?

పచ్చజెండా ఊపాను. ఇంజను కూత వేసింది. కదిలాం. ఇరువైపులా ఉప్పుకుప్పలు... తెలుపు, తెలుపు, తెలుపు.

దిబ్బ దగ్గరవుతోంది.

దిబ్బమీద తుమ్మమొక్క. దాని ముళ్ళు ఒక్కొక్కటే కనిపించేంత దగ్గర.

చెయ్యి లేవలేదు.

చూస్తున్నాను. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు —

లేచింది.

జానెడు దూరంలో ఆగాం.

బాబ్జీ దిగొచ్చాడు. “ఏటి బావా, దిబ్బని ముద్దెట్టుకుందామనేటి?”

“ఎండకి కళ్ళు తిరిగినాయి.”

“పేరు సూత్తే ఢిల్లీరావు. ఎల్లేది ఉప్పు సైడింగుకి. కాగితం వొచ్చిందా?”

జేబులో కాగితం చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

“ఇంకా రాలేదు.”

“వొచ్చెత్తాదిలే. ఆయాల కోడి కొయ్యాల మరి.”

నవ్వుతూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం మోహినీ అదే అడుగుతుంది. గుమ్మం పక్కనే రేకుపెట్టె ఉంటుంది.

ఇంజను వెనక్కి లాగుతోంది. ఆ చెయ్యే కడ్డీని పట్టుకుంది. అరచేతికి ఉప్పు.

పెదవులు బిగించాను.

గాలి వీస్తూనే ఉంది... నాలుక దానంతటదే పెదవి మీదికి —