బర్ఫీకి పట్టించిన నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దంతా హనుమకొండలో పార్లర్‌లో నిలబడి ఊళ్లోవాళ్ల జుట్టు దువ్వి, కాజీపేటలో ఇంటికొచ్చి మళ్లీ పిల్లి బొచ్చు దువ్వాలంటే ఎవరికైనా ఉంటుంది. బర్ఫీ పర్షియన్ పిల్లి. తెల్లగా బొద్దుగా ఉంటుంది, మహా బద్ధకం. రోజూ దువ్వకపోతే పొట్ట కింద, చంకల్లో బొచ్చు ఉండలు కడుతుంది. ఆ ఉండలు తోలును పట్టి లాగుతుంటే పాపం నడవడానికి కూడా తిప్పలే. అయినా విసుక్కుంటూనే దువ్వుతాను. మా ఆయన తౌసీఫ్ గూడ్స్ బండి డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. అన్ని రోజులూ నా కాళ్ల దగ్గర పడుకునే ప్రాణం అదొక్కటే.

మా అత్తమ్మ జుబేదా దాన్ని ముట్టేది కాదు. హసన్‌పర్తి నుంచి మా దగ్గరికి వచ్చినప్పటి నుంచీ ఒకటే గొణుగుడు. నమాజ్ చదివే జానిమాజ్ మీద బొచ్చు, కూరలో బొచ్చు, చివరికి ఆమె తాగే చాయలో కూడా బొచ్చేనట. నిన్న ఆ గొణుగుడు మళ్లీ మొదలుపెట్టేసరికి నాకు ఒళ్లు మండింది.

"పొద్దుమూకుల ఇంట్లనే కూసుంటవ్ గదా అత్తమ్మా! జర నువ్వే దువ్వరాదు? నీ చేతులేమన్న అరుగుతయా?" అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

ఇవాళ సాయంత్రం తలుపు తీయగానే కాఫూర్ వాసన గుప్పుమంది. మా ఇండ్లల్లో కర్పూరం వాసనొస్తే మంచి ఆలోచన రాదు. ఎవరైనా పోతే మయ్యత్‌కు ఆఖరి స్నానం పోసేటప్పుడు ఆ నీళ్లలో వేసేది అదే. ఎవరికేమైందోనని చెప్పులతోనే లోపలికి ఉరికాను.

అత్తమ్మ నిక్షేపంగా కూర్చుని ఉంది. పక్కన చాప మీద బర్ఫీ. ఒళ్లంతా నూనె. బొచ్చు దువ్వి, నడుమ పాపిడి కూడా తీసింది.

"సూడు బిడ్డా, ఎట్ల మెరుస్తాందో!" ఆమె మొహం వెలిగిపోతోంది. "దువ్వుతాంటే లోపలంత పురుగులే. గోకి గోకి సస్తాంది పాపం. కొబ్బరినూనెల కాఫూర్ నూరి బాగ పట్టించిన. తౌసీఫ్ చిన్నగున్నప్పుడు నెత్తి నిండ పేలుంటే గిదే పెట్టిన. రెండోనాటికి ఒక్కటి లేదు."

నిజం చెప్పాలి, నాకు ముచ్చటేసింది. ముట్టని మనిషి ముట్టింది, పైగా పాపిడి తీసింది! నవ్వుతూ బర్ఫీని ఎత్తుకోబోయాను. అది అదేపనిగా తన ఒళ్లు నాక్కుంటోంది. నోటి నుంచి జొల్లు కారుతోంది. లేచి నాలుగడుగులు వేయబోయి పక్కకు ఒరిగిపోయింది. చెవులు, మీసాలు వణుకుతున్నాయి.

హనుమకొండలో మేము చూపించే పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాను. సంగతి వినగానే ఆయన గొంతు మారిపోయింది.

"కర్పూరం పిల్లులకు విషం అమ్మా. ఒంటికి ఏది రాసినా నాకుతది. అంటే రాసినట్టు కాదు, తినిపిచ్చినట్టే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు పెట్టి జల్ది కడుగున్రి. మళ్ల నాకనియ్యకున్రి. టవల్ల సుట్టి తొందరగ తీస్కరాన్రి."

బర్ఫీకి నీళ్లంటే చచ్చేంత భయం. బాత్రూంలో నేను సబ్బు రుద్దుతుంటే అత్తమ్మ పట్టుకుంది. అది ఆమె చేతులు గీరేసింది, కొరికింది. రక్తం నీళ్లలో కలిసి పోతున్నా ఆమె పట్టు వదల్లేదు. "యా అల్లా, యా అల్లా" అంటూనే ఉంది. ఎంత తోమినా జిడ్డు పోదే! నేను తట్టుకోలేకపోయాను.

"కావాల్ననే చేసినవ్! దాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొట్టాలని మొదటిసంది నీ మనసుల ఉన్నది!"

అనకూడని మాట. అంటుంటేనే తెలుసు. అత్తమ్మ నా వైపు చూసింది. పిల్లిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆటోలోనే బర్ఫీకి ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో డాక్టర్ దాన్ని చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. తౌసీఫ్ ఫోన్ కలవలేదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. నమాజ్ ఏనాడూ తప్పని మనిషి, అత్తమ్మ కదల్లేదు.

"బిడ్డా," అంది కాసేపటికి. "నోరులేని జీవిని సతాయిస్తే అల్లా లెక్క అడుగుతడని మా అబ్బా చెప్పేటోడు. నన్ను అడుగుతడా?"

"నాకేం తెలుసు."

"నీ పిల్లి అది. ముందుగాల నువ్వు మాఫ్ చెయ్యాలె. నువ్వు చేస్తేనే ఆయన చేస్తడు. ఒక్కసారి మాఫ్ చేసిన అను బిడ్డా."

గీతలు పడ్డ చేతులు రెండూ నా ముందు జోడించింది. ఇప్పుడు మాఫ్ చేసిన అంటే బర్ఫీ పోయిందని ఒప్పుకున్నట్టే కదా?

"అది బతికే ఉన్నది అత్తమ్మా. గిప్పుడే మాఫీలు అడగకు. నోరు మూస్కొని దువా చెయ్," అన్నాను.

ఆమె చేతులు దించుకుంది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ గ్లౌజులు తీసేస్తూ వచ్చాడు. "శానా ప్రయత్నం చేసినమమ్మా. ఫిట్స్ ఆగలేదు," అని మెల్లగా చెప్పి, టవల్‌లో చుట్టిన బర్ఫీని నా ఒళ్లో పెట్టాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. నేను గట్టిగా ఏడవాలనుకున్నాను. పక్కన అత్తమ్మను చూసి ఆగిపోయాను.

ఆమె బర్ఫీని చూడటం లేదు. నన్నే చూస్తోంది. ఈసారి అడగలేదు. అడిగే ధైర్యం పోయినట్టుంది. ఆ ముసలి కళ్ల నిండా భయమే. నేను ఆ మాట అనకపోతే ఈమె ఇక తిండి తినదు, నిద్రపోదు, ఏ నమాజ్‌లోనూ కుదురుగా నిలబడదు.

"మాఫ్ చేసిన అత్తమ్మా," అన్నాను. "దిల్ తోటి చేసిన. ఇగ ఫికర్ చెయ్యకు."

ఆమె నా భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక చేత్తో బర్ఫీని పట్టుకుని, రెండో చేత్తో ఆమె వీపు నిమిరాను.

దిల్‌తో చేయలేదు. లోపల కోపం అలాగే ఉంది, ఎప్పుడు పోతుందో నాకే తెలియదు. అల్లా అడిగితే ఈ అబద్ధానికి జవాబు నేనే చెప్పుకుంటాను.